పేనుకొరుకుడు, మా అక్క అరచేతిలో కాంబినేషన్

మొన్న ఆదివారం గాజువాక వెళ్తే మా అక్క పట్టుకుంది. "ఒరేయ్, మందులు తయారుచేసే ఉద్యోగమే కదా నీది, చిన్నోడికి అన్నీ కలిపి ఒక్క సీసాలో ఇవ్వలేవా?" అని. మేనల్లుడికి చెవి వెనక రూపాయి బిళ్లంత పేనుకొరుకుడు. డాక్టరు గారు పొద్దున స్టెరాయిడ్ క్రీము, రాత్రికి వెంట్రుకలు మొలిపించే మినాక్సిడిల్ లోషన్ రాశారు. పదిహేనేళ్ల వెధవకి రెండు పూటలా రాసుకునే ఓపికెక్కడిది? అక్కే రెండూ అరచేతిలో కలిపి రుద్దబోయింది. విరిగిపోయిన పాలలా నీళ్లు ఒకవైపు, పలుకులు ఒకవైపు.

ఎందుకు విరగదు? క్రీమంటే నూనెనీ నీటినీ బలవంతాన కలిపి ఉంచిన కాపురం. లోషన్‌లో ఉండే ఆల్కహాలు, ప్రొపిలీన్ గ్లైకాల్ అందులో పడితే ఆ కాపురం కూలుతుంది. పోనీ క్రీము మానేసి అంతా ఆల్కహాల్లోనే కరిగిద్దామంటే, తల మీద అది ఆరిపోయాక మందు చుండ్రులా తెల్లగా పేరుకుంటుంది. పరవాడ ల్యాబ్‌లో నా రోజంతా ఇలాంటి గొడవలతోనే సరి. సీసాలో బాగుంటే చాలదు, 40 డిగ్రీల వేడిలో 75 శాతం తేమలో ఆరు నెలలు పెట్టినా చెడకూడదు (మే నెలలో మన వైజాగ్‌లో ఆ ఛాంబర్‌కి కరెంటు దండగ అనిపిస్తుంది).

పేరులో పేనుంది గానీ పేనుకీ దీనికీ సంబంధం లేదు. రోగాలతో పోరాడాల్సిన మన ఒంట్లోని టీ కణాలే వెంట్రుక కుదురు చుట్టూ మూగి దాని పని ఆపేస్తాయి. అందుకే కాంబినేషన్ ఆలోచన: ఒక మందు ఆ కణాలని చల్లబరచాలి, ఇంకోటి నిద్రపోయిన కుదురుని లేపాలి. చిక్కల్లా లోతుతోనే. కుదురు చర్మం కింద మూడు నాలుగు మిల్లీమీటర్లలో ఉంటుంది. తీవ్రమైన పేనుకొరుకుడుకి అమెరికాలో 2022లో బారిసిటినిబ్, 2023లో రిట్లెసిటినిబ్ అనుమతి పొందాయి, రెండూ నోటితో వేసుకునేవే, టీ కణాలకి అందే సంకేతాలని అడ్డుకునే 'జాక్' రకం మందులు. అదే రకానికి చెందిన రుక్సోలిటినిబ్ క్రీము బొల్లికి పనికొచ్చింది, ఎందుకంటే రంగు కణాలు పైపొరలోనే ఉంటాయి. తల మీద పూసిన జాక్ మందులు మాత్రం మాత్రలంత ఫలితం చూపలేదు.

"మరి అమ్మమ్మ గురివింద గింజ అరగదీసి రాసేది కదా?" అంది అక్క. వద్దే తల్లీ, అందులో అబ్రిన్ అనే విషం ఉంది. మంట పుట్టించి టీ కణాల దృష్టి మళ్లించాలన్న ఆలోచన మాత్రం డాక్టర్లకీ ఉంది. దానికి వాళ్లు వాడే డైత్రనాల్‌తో దిండు గలీబు గోధుమరంగు మరకలతో పాడవుతుంది, అది వేరే సంగతి.

వాడి టోపీ తీయించి ఫోన్ లైటు వేసి చూశాను. అంచుల్లో మొదలు సన్నబడి విరిగిన వెంట్రుకలు, మధ్యలో నాలుగైదు తెల్లటి నూగు.

"ఇది మందు వల్లేనా మావయ్యా?"

ఏం చెప్పను, చిన్న మచ్చలు చాలామందికి ఏ మందూ లేకుండానే పూడుకుంటాయి, మా ట్రయల్స్‌కి ఉన్న తలనొప్పే అది.

"అయ్యో, తెల్లవెంట్రుకలు వస్తున్నాయేంట్రా!" అని అక్క అప్పుడే మొదలెట్టింది.