రెండో సంతకం

ఐసీయూలో ఇన్‌చార్జ్ నర్సునైన మొదటి నెలలోనే అందరికీ చేతుల శుభ్రత మీద క్లాసు పీకాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లోని చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలూ ఒక్కొక్కరి చేతా అప్పజెప్పించాను. హ్యాండ్ రబ్ (చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ ద్రవం) అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60. మధ్యలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ కథ కూడా చెప్పాను. 1847లో వియన్నాలో, శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చే డాక్టర్లు క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోవాలని ఆయన పట్టుబట్టాడు. బాలింతల మరణాలు బాగా తగ్గాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. ఆ కథ చెప్పేటప్పుడు నేనెప్పుడూ సెమ్మెల్‌వైస్ పక్షమే.

ఐదు సందర్భాల్లో మా వార్డులో ఎక్కువగా తప్పేది ఐదోది. రోగిని ముట్టుకోకపోయినా మంచం రెయిలింగో, మానిటరో, మందు ఎక్కించే పంపో ముట్టుకుంటే చేతులు శుభ్రం చేసుకోవాలి. ఒక నైట్ డ్యూటీలో కొత్తగా చేరిన అమ్మాయి మూడో బెడ్ దగ్గర అలారం ఆపి, అదే చేత్తో నాలుగో బెడ్ పేషెంట్ నరంలోకి పెట్టిన క్యాన్యులా గొట్టం చూడబోతోంది. ఆపి నాలుగు చీవాట్లు పెడదామని లేచాను. లేచాక తట్టింది, ఆ పిల్ల బటన్‌ని వేలి కొసతో నొక్కలేదు. వేలు మడిచి కణుపుతో నొక్కింది.

అది నా అలవాటు. కణుపుతో నొక్కితే చేతికి ఏమీ అంటనట్టే అని ఏళ్ల తరబడి నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. క్లాసులో అప్పజెప్పించిన ఐదూ పోయి, హడావిడిలో నేను చేసే ఆ ఒక్కటీ ఆమెకు చక్కగా ఒంటబట్టింది.

చీవాట్లు మింగేశాను. ముందు హ్యాండ్ రబ్ సీసా అందించి, "ఆ కణుపుతో నొక్కడం నా దగ్గరే నేర్చుకున్నావు కదూ? ఇద్దరం మానేద్దాం" అన్నాను. నవ్వింది, కాస్త భయంగానే.

ఆ రాత్రి నుంచి వీళ్లకు ఇంకేమేం అంటించానా అని ఆలోచన పట్టుకుంది. పొటాషియం దగ్గరికొచ్చేసరికి గుండె గుభేల్మంది. పొటాషియం క్లోరైడ్ వేగంగా ఎక్కితే గుండె ఆగిపోవచ్చు. అందుకే పేషెంట్ ఎవరు, డోసెంత, ఎంతలో కలిపాం, పంపు రేటెంత అన్నవి ఇద్దరు నర్సులు విడివిడిగా చూసి సంతకాలు పెట్టాలి. రద్దీ రాత్రుల్లో నేనేమనేదాన్నో నాకు బాగా గుర్తుంది: "నేను చూశాన్లే, నువ్వు సంతకం పెట్టెయ్." ఇన్‌చార్జ్ అలా అంటే ఏ జూనియర్ కాదంటుంది?

మానుకున్నాను. పంపు సెట్ చేశాక పక్కకు జరిగి, ఆర్డరూ పంపూ రెండూ పైకి చదవమనేదాన్ని. నిజం చెప్పాలంటే మొదట్లో అది నాటకంలాగే ఉండేది. పది రోజులు తిరక్కుండానే ఆ అమ్మాయే చదువుతూ చదువుతూ ఆగింది. 100 మిల్లీలీటర్లలో 40 మిల్లీ ఈక్వివలెంట్లు, గంటకు 25 మిల్లీలీటర్ల చొప్పున వెళ్లాలి. పంపులో నేను కొట్టింది 52. స్టార్ట్ ఇంకా నొక్కలేదు.

పేషెంట్‌కు ఏమీ కాలేదు కాబట్టి వదిలేసినా అడిగేవాళ్లు లేరు. పొరపాట్లు రాసే ఇన్సిడెంట్ ఫారం తీసి నా పేరుతోనే రాశాను. పొద్దున డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో అందరి ముందూ చదివాను. గొంతు వణికింది, దాచలేకపోయాను. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు తమ పొరపాట్లు రాసిచ్చారు. అంతకుముందు మా వార్డులో ఆ ఫారాలు పక్కవాళ్ల మీద ఫిర్యాదులకే పనికొచ్చేవి.

అన్నీ ఇలా కలిసిరాలేదు. పని మీద శ్రద్ధ చూపిద్దామని డ్యూటీ అయ్యాక కూడా రోజూ గంటసేపు ఉండిపోయేదాన్ని. కొన్నాళ్లకు జూనియర్ పిల్లలందరూ, పని లేకపోయినా సరే, నా వంక చూస్తూ బయల్దేరడానికి జంకడం మొదలుపెట్టారు. ఇప్పుడు హ్యాండోవర్ అవగానే బ్యాగు తగిలించుకుని అందరికీ కనబడేలా వెళ్లిపోతున్నాను.

మొన్న రాత్రి ఆ అమ్మాయి పొటాషియం పెట్టి నన్ను పిలిచింది. డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడుతూనే వెళ్లి పెన్ను తీశాను. షీటు వెనక్కి లాక్కుంది.

"ఫోన్ పెట్టేశాక రండి సిస్టర్" అంది.