వేడి నల్లాలో చల్ల నీళ్లు

2014 జూన్‌లో ఒక శుక్రవారం పొద్దున దుబాయిలో దిగాను. అప్పట్లో శుక్రవారాలు మధ్యాహ్నం దాకా మెట్రో నడిచేది కాదు. ఆ సంగతి తెలియక స్టేషన్ ముందు పెట్టె మీద కూర్చుని కాసేపు చూసి, చివరికి టాక్సీ ఎక్కాను. మీటరు మీద పడే ప్రతి దిర్హమ్‌నూ రూపాయల లెక్కకు పదహారుతో గుణించుకుంటూ దేరాలోని నైఫ్ దాకా వచ్చాను. రూముకు చేరేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది. స్నానం చేద్దామని నీలం గుర్తున్న నల్లా తిప్పితే చెయ్యి చుర్రుమంది.

"అన్నా, నీళ్లు కాలుతున్నయ్!" అని లోపలినుంచే అరిచాను.

"ఎర్ర నల్లా తిప్పు తమ్మీ. గీజరు బంద్ పెట్టినం" అన్నాడు బయట సిరిసిల్ల అన్న.

మేడ మీద ట్యాంకు పొద్దంతా ఎండలో ఉడుకుతుంది. గీజరు ఇంట్లో నీడన ఉంటుంది. స్విచ్చి వేయకపోతే అందులో నిలవున్న నీళ్లే చల్ల నీళ్లు. ఎండలు ముదిరాక మాలాంటి రూముల్లో ఇదే పద్ధతి. కాకపోతే ఆ చల్లదనం మొదట పోయిన ఇద్దరికే. మూడోవాడి వంతు వచ్చేసరికి గీజరులోకి కూడా ట్యాంకు నీళ్లే వచ్చేస్తాయి. అందుకని మా ఫ్లాట్లో నాలుగింటికే లేచేవాళ్లు ఉండేవాళ్లు. భక్తితో కాదు, నీళ్ల కోసం.

రెండు బెడ్‌రూముల ఫ్లాటు అది. పద్దెనిమిది మందిమి. మా గదిలో మూడు రెండంతస్తుల ఇనుప మంచాలు, ఒక విడి మంచం. హాల్లో ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి నాలుగు పార్టిషన్లు. బాత్రూములు రెండు. తలుపు మీద ఒక కాగితం అతికించి ఉండేది. ఎవరికి ఏ పది నిమిషాలో అందులో రాసుంటుంది. నాకు 5:40 నుంచి 5:50. దాటితే తలుపు మీద దెబ్బలు పడతాయి.

ఇల్లు అని అడగరక్కడ, బెడ్ స్పేస్ అంటారు, అంటే ఒక్క మంచం అద్దెకు. బస్టాపుల దగ్గరా, కరెంటు స్తంభాల మీదా, లిఫ్టు పక్కనా కాగితాలు అతికించి ఉంటాయి, కింద ఫోన్ నంబర్లు చింపుకు పోయేట్టు కత్తిరించి. ఫలానా రాష్ట్రం వాళ్లకే అని కూడా రాస్తారు. నేనేమీ చింపలేదు, మా ఊరి పరిచయంతో దొరికింది. నెలకు 550 దిర్హమ్‌లు, కరెంటూ నీళ్లూ కలిపి. జీతం 1,800. బర్ దుబాయిలో బట్టల దుకాణంలో స్టోర్ పని. "వీసా మాది, రూము మీది" అని ఏజెంటు ముందే చెప్పాడు గాని, ఆ మాట బరువు నాకప్పుడు తెలియలేదు. మెస్సుకు 250. రోజూ అబ్రా అనే పడవ ఎక్కి, మధ్యలో ఉన్న క్రీక్ అనే ఉప్పునీటి పాయ దాటడానికి పోను ఒక దిర్హమ్, రాను ఒకటి. పడవలో ఆ కొద్ది నిమిషాలే నా చుట్టూ ఎవరి మంచమూ లేని సమయం.

ఫ్లాటు ఒకాయన పేరు మీద ఉంటుంది. అద్దె అగ్రిమెంటూ, రాబోయే తేదీలు వేసిన చెక్కులూ ఆయనవి. మనకు ఏ కాగితమూ ఉండదు. మూడో నెలలో ఒకాయన వేరే ఫ్లాటులో మంచం ఇస్తానని నా దగ్గర నెల అద్దె తీసుకున్నాడు. సామాను మోసుకుని పోతే తలుపు తీసినవాడికి ఆయనెవరో తెలియదు. ఎవరికని చెప్పుకోను? సిరిసిల్ల అన్న అప్పటికి నా మంచం వేరేవాళ్లకు ఇవ్వనివ్వలేదు కాబట్టి సరిపోయింది.

ఆ మంచం పైఅంతస్తు. ఏసీ గాలి సూటిగా తలకు కొట్టేది. బయట నలభై అయిదు డిగ్రీలు, నేను ఉన్ని టోపీ పెట్టుకుని పడుకునేవాణ్ని. కిందివాళ్లకు ఉక్క. రిమోట్ కోసం జరిగినన్ని గొడవలు డబ్బు కోసం కూడా జరగలేదు. అమ్మ ఫోన్లో గది ఎట్లుంది బిడ్డా అంటే "ఏసీ గది అమ్మా" అనేవాణ్ని. అబద్ధం కాదు కదా.

ఇంక నల్లులు. మంచం గొట్టాల చివర్లలో, మరమేకుల సందుల్లో ఉంటాయవి. నెలకో శుక్రవారం కెటిల్‌తో మరిగే నీళ్లు పోసి, రంధ్రాల్లో బట్టల సబ్బు అరగదీసి కూరేవాళ్లం. వారం పది రోజులు హాయి. తర్వాత పక్క గదినుంచి మళ్లీ వచ్చేవి. వాటికి అగ్రిమెంటు అక్కర్లేదు.

కింది మంచం కోసం రెండేళ్లు కాచుకున్నాను. కింద అయితే పెట్టె మంచం కిందికి తోసుకోవచ్చు, లుంగీ కట్టి తెర వేసుకోవచ్చు. సిరిసిల్ల అన్న ఇంటికి పోతూ తనది నాకు ఇచ్చాడు. తెర కట్టుకున్న మొదటి రాత్రి లోపల కూర్చుని ఊరికే ఫోన్ చూసుకున్నాను. రెండేళ్లలో నన్నెవరూ చూడకుండా కూర్చోవడం అదే మొదలు.

ఇప్పుడు ముగ్గురం కలిసి ఒక గది తీసుకున్నాం, అద్దె ఎక్కువే. ఉండేవాళ్లందరి పేర్లూ ప్రభుత్వ యాప్‌లో ఎక్కించాలని 2022లో రూలు వచ్చింది, మా మూడు పేర్లూ ఉన్నాయి. 2025 జూన్‌లో దుబాయిలోనే రిగ్గా, మురక్కబాత్, సత్వా వైపు ఫ్లాట్లలో పార్టిషన్లు అధికారులు తీసేయించారు. అగ్గి అంటుకుంటే బయటపడే దారి ఉండదు కాబట్టి తప్పనలేను. కాని ఆ చెక్కల వెనక ఉన్నవాళ్లు ఆ రాత్రికి ఎక్కడికి పోవాలి? కొందరు షార్జాకు పోయారు, పొద్దున ట్రాఫిక్‌లో గంటన్నర, రెండు గంటలు.

కోరుట్ల అబ్బాయి ఒకడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నీ దగ్గర మంచం ఏమన్న ఖాళీ ఉన్నదా?" మంచం లేదు, యాప్‌లో నాలుగో పేరుకు చోటూ లేదు. రెండు రోజులు కింద పడుకో తమ్మీ, ఈలోపు చూద్దాం అన్నాను. ఇది మూడో వారం.