58 రోజులు

మొన్న చెన్నై వెళ్లినప్పుడు మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం చూశాను. అప్పట్లో అది బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1952 అక్టోబరు 19న శ్రీరాములు గారు అక్కడే ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి అక్కడే పోయారు.

బళ్లో బిట్టు ప్రశ్న కోసం బట్టీ పట్టిన అంకె ఈ 58. అక్కడ నిలబడి ఒక్కో రోజూ లెక్కపెట్టుకుంటే గొంతు పట్టేసింది.

ఆయన బతికున్నన్నాళ్లూ మాట ఇవ్వని ఢిల్లీ, పోయిన నాలుగో రోజున, డిసెంబరు 19న, రాష్ట్రం ఇస్తున్నట్టు ప్రకటించింది. ఈలోగా ఊళ్లలో రైళ్లు ఆగిపోయాయి. పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు (వాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?).

వాదనకైతే ఎదురు వాదన చెప్పొచ్చు. చావుకు ఏం చెబుతాం? అప్పటిదాకా గట్టు మీద నిలబడి చూసినవాళ్లకు 'మనం ఏం చేయలేదే' అన్న బాధ మొదలవుతుంది. నాకు అర్థమైనంతలో, ఆ బాధే జనాన్ని వీధిలోకి తెచ్చింది.

1946లో నెల్లూరులో హరిజనుల ఆలయ ప్రవేశం కోసం కూడా ఆయన నిరాహార దీక్ష చేశారు. గెలిచారు, బతికారు. ఆ కథ మా బళ్లో ఎవరూ చెప్పలేదు. ఇది నన్ను చాలా బాధపెట్టింది.

బయటికొచ్చాక మా బాబు అడిగాడు: "ఎవరైనా ముందే ఒప్పుకొని అన్నం తినిపించొచ్చు కదా నాన్నా?"

తిరుగు రైల్లో కూడా వాడికి జవాబు చెప్పలేకపోయాను.