టార్జాన్ ఈదిన నీళ్లలో

వకుల్లా స్ప్రింగ్స్ పార్కులోకి కారుకు 6 డాలర్లు కట్టాక పడవకు మళ్లీ విడిగా టికెట్. పోనీ అది అడుగున అద్దం బిగించిన పడవా అంటే కాదు. నీళ్లు తేటగా ఉన్న రోజుల్లోనే ఆ అద్దాల పడవను తిప్పుతారట. అలాంటి రోజులు ఇప్పుడు అరుదు. అమెరికాలో ఫ్లోరిడా రాజధాని టాలహాసీ నుంచి ఈ ఊటకొలనుకు నేను వచ్చిందే ఆ తేటనీళ్ల కోసం. 1941లో వచ్చిన టార్జాన్ సినిమాకు, టార్జాన్ వేషం వేసిన ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ ఈదింది ఇక్కడే. తీరా చూస్తే ఒడ్డు దగ్గరే డికాక్షన్ రంగు! చాలా కోపం వచ్చింది.

పడవలోంచి మొసళ్లు, పక్షులు బాగానే కనబడ్డాయి. నా మనసు వాటి మీద లేదు.

రేవు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తన చిన్నప్పుడు పడవలోంచి అడుగున ఇసుక, చేపల నీడలు కనబడేవన్నాడు. వానలకు చిత్తడి అడవుల్లోంచి గోధుమరంగు నీరు భూమిలోకి దిగి ఊటలో కలుస్తుంది. దానికి తోడు ఏళ్ల తరబడి ఇంకిన మురుగునీటిలోని, నాచును పెంచే నైట్రేట్లు. శుద్ధి మెరుగుపడి నైట్రేట్లు తగ్గినా తేటదనం మాత్రం తిరిగి రాలేదు.

అయినా దిగాను. ఏడాది పొడవునా 21 డిగ్రీలే ఉండే నీళ్లు, ఒళ్లు జిల్లుమంది. వైస్‌ముల్లర్ లాగా తల, ఛాతీ పైకెత్తి ఈదాలని చూశాను. ఈత నేర్చుకునే రోజుల్లో తల దించమని నన్ను ఎంత తిట్టేవారో! కాసేపటికే మెడ పట్టేసింది, నడుము కిందికి లాగింది. అలా తలెత్తి ఈదే మనిషే 1922లో 100 మీటర్లను 58.6 సెకన్లలో ముగించి, నిమిషం హద్దును మొదటిసారి దాటాడు. 1924, 1928 ఒలింపిక్స్‌లో ఈతలో 5 స్వర్ణాలు గెలిచాడు. అతనికి నటన రాదనేవాళ్లను చాలామందిని చూశాను. నేను ఒప్పుకోను. తల పైకి ఉంటుంది కాబట్టి ఎంత వేగంగా ఈదుతున్నా ముఖం కెమెరాకు కనబడుతుంది, ఆ ముఖంలో ఆయాసం కనబడదు. అంతకన్నా ఏం నటించాలి?

వణుకుతూ ఒడ్డెక్కి ఇదంతా పెద్దాయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. వానలు బాగా తగ్గాక రమ్మన్నాడు, అద్దాల పడవ తిరుగుతోందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోమన్నాడు. మీరు వెళ్లేటట్లయితే తప్పకుండా అలాగే చేయండి.