సగంలో ఆపేసిన కవిత

నిన్న హనుమకొండలో ఒక కవి సమ్మేళనానికి వెళ్లొచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు.

అక్కడ చదవడానికి అమ్మ మీద కవిత రాశాను. రాయడం కష్టం కాలేదు. మాది జగిత్యాల వైపు, అమ్మ బీడీలు చేసి మమ్మల్ని చదివించింది. తునికాకు నానబెట్టడం, కత్తెరతో కోయడం, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం చూస్తూ పెరిగాను, అదే రాశాను. ‘త్యాగమూర్తి’ లాంటి మాట ఒక్కటీ పెట్టలేదు. అలాంటి మాటలకు చప్పట్లు వస్తాయేమో గానీ కన్నీళ్లు రావు. నా పరీక్ష ఫీజుకు ఆఖరి రోజున టేకేదారు, అంటే బీడీలు తీసుకుని కూలి ఇచ్చే కాంట్రాక్టరు, బీడీలు బాగాలేవని కొన్ని పక్కన పడేసి కూలి తగ్గించాడు. కవితంతా ఆ ఒక్క రోజు గురించే.

వాట్సాప్‌లో పంపాను, ఆహ్వాన పత్రికలో పేరు వేశారు. అంతవరకు బాగానే ఉంది.

పొద్దున పదింటికన్నారు. జ్యోతి వెలిగించేసరికి పన్నెండు దాటింది. నన్ను పిలిచేటప్పటికి జనం ఆకలితో ఉన్నారు. అయినా కాగితం చూడకుండా మొదలుపెట్టాను.

‘అమ్మ వేళ్ల మీద దారం కోసిన గీతలు
నా ఫీజు రసీదు మీద అవే సంతకాలు’

ఇక్కడ కాసేపు ఆగాను. సెల్‌ఫోన్లు చూస్తున్నవాళ్లు తలలెత్తారు. టేకేదారు బీడీలు పక్కన పడేసే చోటికి వచ్చాను. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి కారు దిగారట! నిర్వాహకుడు నా చేతిలోంచి మైకు తీసుకుని, ‘మేడం, మిగతాది తర్వాత చదువుదురు’ అన్నాడు. శాలువాలు, ఫోటోలు, ప్రసంగం అయ్యాయి. నేను స్టేజీ పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ‘తర్వాత’ రానే లేదు, భోజనాలకు లేవమన్నారు. అందరి ముందు మా అమ్మను మధ్యలో నోరు మూయించినట్టు అనిపించింది. కవిని పిలవడం తెలిసినవాళ్లకు వినడం కూడా తెలియాలి. కాళోజీ తిరిగిన ఊళ్లో జరగాల్సిన పనేనా ఇది?

చేతులు కడుక్కునే దగ్గర ఒక పెద్దమ్మ నన్ను ఆపింది. ‘బిడ్డా, గా ఫీజు కట్టిందా మీ అమ్మ?’ అని అడిగింది. అక్కడే నిలబడి మిగతాదంతా చెప్పాను, మైకు లేదు, కాగితం లేదు. ప్లేట్లు పట్టుకున్నవాళ్లు చుట్టూ చేరారు. అమ్మ పక్కింట్లో అప్పు తెచ్చిన చోట ఆ పెద్దమ్మ తన చూపుడువేలు చాపి, ‘నాది గూడ గిట్లనే’ అంది. వేలి పక్కన దారం గీత స్పష్టంగా ఉంది. ఆ వేలికి మించిన సన్మానం ఏ శాలువాలో ఉంటుంది?

కొత్తగా స్టేజీ మీద కవిత చదివేవాళ్లకు నాకు తెలిసింది చెప్తాను. కవిత కంఠస్థం చేయండి. చదివే ముందు దాని నేపథ్యం వివరించకండి, కవితలో ఉన్న బిగువు అక్కడే జారిపోతుంది. బలమైన పాదం తర్వాత ఆగండి, చప్పట్ల కోసం కాదు, విన్నది లోపలికి దిగడానికి. ఏడుపు గొంతు పెట్టకండి, ఏడవాల్సింది వినేవాళ్లు. ‘తర్వాత’ అనే నిర్వాహకుణ్ణి మాత్రం నమ్మకండి.

ప్రశంసాపత్రం ఇవ్వబోతే తీసుకోలేదు. సగం కవితకు పూర్తి సంతకం ఎందుకు?

సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవానికి వేరేవాళ్లు రమ్మన్నారు. ముఖ్య అతిథి వచ్చి వెళ్లాకే నా పేరు పెట్టమన్నాను. సరేనన్నారు.