పదకొండో రోజు ఆల్చిప్ప

ఇంట్లో ఉప్పునీటి తొట్టిలో సముద్రపు చేపల్ని పెంచుతాను. నా మొదటి బటర్‌ఫ్లై ఫిష్ ఇరవై రెండు రోజులే బతికింది. జబ్బేమీ లేదు, నీళ్లూ బాగానే ఉన్నాయి. ఆకలితో చనిపోయింది. అది మెలన్ బటర్‌ఫ్లై. రొయ్య ముక్కలు వేసినా, మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) వేసినా మూతితో తాకి వదిలేసేది. ఆ జాతి తినేది బతికున్న పగడాల పాలిప్‌లను (పగడాన్ని కట్టే చిన్న మెత్తటి జీవుల్ని) మాత్రమేనని చేప పోయాక చదివి తెలుసుకున్నాను. మన దేశంలో సముద్రం నుంచి పగడాలు తీయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక ఇంట్లో దానికేం పెడతాం? అమ్మినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఏడాది ఆగి ఆరిగా అనే మరో జాతి బటర్‌ఫ్లైని తెచ్చాను. తెల్లని ఒంటి మీద ఏటవాలు గీతలు, కంటి మీదుగా నల్ల పట్టీ, తోక వైపు పసుపు. పురుగులు, ఆనిమోన్లు (రాళ్లకు అంటుకుని ఉండే పువ్వులాంటి జీవులు), నాచు అన్నీ తినే రకం. ఈసారి షాపులో నా ఎదుటే తినిపించమన్నాను, తింది. ఇంటికి తెచ్చి 60 లీటర్ల క్వారంటైన్ తొట్టిలో వదిలాక మాత్రం తిండి మానేసింది.

మూడో రోజు రెక్కల మీద తెల్ల చుక్కలు, పరాన్నజీవి పట్టిందన్నమాట. బటర్‌ఫ్లైలు రాగి మందును సరిగా తట్టుకోవంటారు, అందుకే ఉప్పు తగ్గించే పద్ధతి ఎంచుకున్నాను. రెండు రోజుల్లో నీటి సాపేక్ష సాంద్రతను 1.025 నుంచి 1.009కి దించి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో రోజూ రెండుసార్లు చూస్తూ నాలుగు వారాలు అలాగే ఉంచాను. చుక్కలు పోయాయని ముందే ఆపకూడదు, పరాన్నజీవి తిత్తులుగా మారి అడుగున ఉండిపోతుంది. ఉప్పు తిరిగి పెంచడానికి వారం పైనే తీసుకున్నాను.

కానీ అసలు టెన్షన్ తిండి గురించే. పొట్ట లోపలికి పోతోంది. వేసినవి పక్కనుంచే కిందికి జారిపోతున్నా చూడదు, వెళ్లి, దాక్కోడానికి వేసిన పీవీసీ పైపు ముక్కల అంచుల్ని పొడుస్తుంది. అప్పుడు తట్టింది: సముద్రంలో దాని తిండి పైనుంచి రాలదు, సందుల్లో దాక్కుని ఉంటుంది.

పొద్దున్నే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి ఆల్చిప్పలు అడిగాను. "నాలుగే తీసుకుంటే కూరకేం సరిపోతాయి బాబూ?" అంది అమ్మే ఆమె. "కూరకి కాదమ్మా, చేపకి" అన్నాను. ఇంకో రెండు ఊరికే వేసింది.

ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి, ఒక చిప్ప తెరిచి అడుగున పెట్టి, గదిలో లైటు తీసేసి దూరంగా కూర్చున్నాను. అది పదకొండో రోజు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది. ఒక పక్కకి ఒరిగి ఒక కన్నుతో చూసింది, ఒకసారి పొడిచింది. తర్వాత ఆగలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గంటలో మిగిలింది తీసేసేవాణ్ణి, లేకపోతే అమోనియా పెరుగుతుంది. మరో వారానికి ఖాళీ చిప్పలో సన్నగా తరిగిన రొయ్య కూరాను. తర్వాత అందులోనే మైసిస్ కలిపాను. చివరికి నీళ్లలో తేలే మైసిస్‌ని కూడా పట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు 400 లీటర్ల తొట్టిలో ఉంది. రోజుకి మూడుసార్లు కొంచెం కొంచెంగా పెడతాను. రాళ్ల మీద నన్ను ఏడాదిగా విసిగించిన ఎయిప్టేసియా (కలుపులా పెరిగే చిన్న ఆనిమోన్) ఒక్కటీ మిగల్లేదు.