గోడమీది హయోఫిలా: గుర్తుపట్టడం ఎట్లా?

డిగ్రీలో బోటనీ చదివినవాళ్లకు మాస్ (నాచు మొక్క) అంటే ఫ్యునేరియా అనే రకమే. ప్రాక్టికల్స్‌లో అదే స్లైడు, రికార్డులో అదే బొమ్మ. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాత బావి రాళ్ల మధ్య సున్నం దర్జుల్లోనో, వాటర్ ట్యాంకు కారే గోడమీదో ముదురు ఆకుపచ్చగా మందంగా పరుచుకున్నది హయోఫిలా అనే మాస్ అయ్యే అవకాశమే ఎక్కువ. సున్నం, సిమెంటు, తడి ఉంటే దీనికి చాలు.

ఈ ప్రజాతిని (జీనస్) 1827లో వృక్షశాస్త్రవేత్త బ్రిడెల్ ఏర్పరిచాడు. కుటుంబం పాటియేసీ. మన దగ్గర సాధారణంగా దొరికేది హయోఫిలా ఇన్వొల్యూటా. మరో వృక్షశాస్త్రవేత్త హుకర్ దీన్ని మొదట జిమ్నోస్టోమమ్ అనే ప్రజాతిలో పెట్టాడు. గుళిక (సిద్ధబీజాలుండే తిత్తి) మూతికి పళ్లు లేని మాస్‌లను అప్పట్లో అందులోనే వేసేవారు. ఆ పళ్లు వేర్వేరు వంశాల్లో విడివిడిగా పోయాయని తేలాక ఆ గుంపు నిలవలేదు. ఇప్పుడు ఆకు కణాలు, మధ్యనాడి అడ్డుకోత చూడకుండా పాటియేసీలో ప్రజాతి తేల్చడం కష్టం.

కోసిన మాస్‌ను న్యూస్‌పేపర్ పొట్లంలో పెట్టండి. పాలిథిన్‌లో పెడితే బూజు పడుతుంది. పొట్లం మీద తేదీ, ఊరు, రాయా సిమెంటా, ఎండా నీడా రాయండి.

తడపకముందే లెన్స్‌తో చూడండి. ఎండిన ఆకు అంచులు రెండూ చాప చుట్టినట్టు లోపలికి ముడుచుకుంటాయి. ఒక చుక్క నీళ్లు వేస్తే కాసేపట్లో విచ్చుకుంటాయి. విచ్చుకున్నాక ఆకు నాలుక ఆకారంలో కనిపిస్తుంది, కొన దగ్గర అంచుకు పళ్లుంటాయి. పై ఆకుల చంకల్లో నక్షత్రాల్లాంటి జెమ్మాలు (ఊడిపడి కొత్త మొక్కలయ్యే చిన్న ముక్కలు) వెతకండి. చాలామంది మట్టి పోవాలని ముందే కడిగేసి వాటిని పోగొట్టుకుంటారు. ఆ జెమ్మాలే దీని వ్యాప్తికి ముఖ్యం. ఆడ, మగ మొక్కలు వేరు కాబట్టి రెండూ దగ్గరగా లేనిచోట గుళికలు రావు.

గుళిక దొరికితే మూత ఊడనిదే తీసుకోండి, సూదితో మూత లేపి మూతికి పళ్లు లేవేమో చూడండి, హయోఫిలాకు ఉండవు. పాత గుళికకు పళ్లు లేవంటే అవి విరిగిపోయి ఉండొచ్చు, అది రుజువు కాదు.

అడ్డుకోతకు తడిసిన ఆకుల్ని స్లైడు మీద వేలితో అదిమి, కొత్త బ్లేడుతో ఆకు పైసగంలో సన్నగా తరగండి. అడుగు భాగం కోస్తే లాభం లేదు, అక్కడి కణాలు నున్నగా, రంగులేకుండా ఉంటాయి. గాలి బుడగలు వస్తే నీళ్లలో కొంచెం సబ్బు కలపండి. 40ఎక్స్‌లో ఆకు పైవైపు కణాలు ఉబ్బి కనిపించాలి, కిందివైపు దాదాపు నున్నగా ఉండాలి.

అదే గోడమీద ఉండే బార్బులా ఇండికాతో పొరపడటం మామూలే. దాని కణాలపై చిన్న బొడిపెలు రెండు వైపులా ఉంటాయి, జెమ్మాలు నక్షత్రాకారంలో ఉండవు. వెండిలా మెరిసేది బ్రయమ్ అర్జెంటియమ్. ఆకుల పైభాగంలో పత్రహరితం లేకపోవడమే ఆ మెరుపుకు కారణం, దానికి మైక్రోస్కోపు అవసరమే లేదు.